రాత్రి ఆకాశంలో వెళ్లే వలస పక్షుల కూతలు: వరంగల్ డాబా మీద నుంచి రికార్డ్ చేసి గుర్తుపట్టే పద్ధతి

చలికాలంలో మన చెరువుల మీద తేలే బాతులు, శిఖం భూముల బురదలో ముక్కు పొడుస్తూ తిరిగే ఉల్లంకి పిట్టలు, మత్తడి రాళ్ల మీద తోక ఆడిస్తూ పరుగెత్తే వాగ్‌టెయిల్‌లు చాలావరకు హిమాలయాల నుంచి, వాటి అవతలి మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చినవే. నిన్న సాయంత్రం కట్ట మీద లేని పిట్ట ఈ పొద్దున కనిపిస్తుంది. రాత్రికి రాత్రే దిగిందన్నమాట. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. డేగల భయం తక్కువ. పగలంతా మేత తినడానికి మిగులుతుంది. అందుకే చాలా జాతులు చీకట్లోనే ప్రయాణిస్తాయి. వెళ్తూ వెళ్తూ చిన్న చిన్న కూతలు వేస్తాయి. తోటి పక్షులతో విడిపోకుండా ఉండటానికి అవి పనికొస్తాయి. మనకేమో కనిపించని పక్షిని పట్టుకోవడానికి ఆ కూతే ఆధారం.

ఈ పని కొత్తదేం కాదు. అమెరికాలోని మాడిసన్‌లో ఓరిన్ లిబ్బీ అనే ఆయన 1896 సెప్టెంబర్‌లో ఒక్క రాత్రి కూర్చుని, ఐదు గంటల్లో దాదాపు 3,800 కూతలు చెవితో విని లెక్కపెట్టాడు. 1950ల చివర్లో అక్కడే ఇల్లినాయి రాష్ట్రంలో గ్రేబర్, కాక్రన్ అనే ఇద్దరు టేప్ రికార్డర్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్‌తోనే ప్రారంభించవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లవి. వాళ్ల రాత్రి వేరు, మన రాత్రి వేరు. మన దగ్గర రాత్రంతా కూసే స్థానిక పక్షులు బోలెడు. కీచురాళ్లు, కప్పల సంగతి సరేసరి. అందుకని వలస పక్షుల కూతలు బట్టీ పట్టడం కంటే ముందు మన రాత్రిని నేర్చుకోవాలి. మీ డాబా మీద మామూలుగా వినిపించే ప్రతి శబ్దమూ మీకు తెలిస్తే, తెలియనిది దానంతటదే బయటపడుతుంది. ఈ గైడ్ మొత్తం ఆ దారిలోనే నడుస్తుంది.

మొదటి మెట్టు: ఏ నెల, ఏ రాత్రి

ఆగస్టు చివర నుంచి నవంబర్ దాకా రాక, మార్చి నుంచి మే మొదటి వారాల దాకా పోక. ముందుగా వచ్చేవి ఉల్లంకి జాతులు. ఆగస్టు చివరికే గ్రీన్ శాండ్‌పైపర్, కామన్ శాండ్‌పైపర్ కుంటల దగ్గర కనిపిస్తాయి. సెప్టెంబర్‌లో వాగ్‌టెయిల్‌లు. బాతులు, బార్ హెడెడ్ గూస్‌లు అక్టోబర్ దాటాకే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అక్టోబర్ మంచిది. రెండో వారం ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి తప్పుకుంటాయి, గాలి ఉత్తర, ఈశాన్య దిక్కులకు తిరుగుతుంది. దక్షిణానికి వచ్చే పక్షికి అది వెనక నుంచి తోసే గాలి.

రాత్రిని ఎంచుకోవడానికి మూడు చూసుకుంటే చాలు: ఉత్తరం వైపు నుంచి మెల్లని గాలి, వాన లేకపోవడం, వీలైతే పలుచని మబ్బు. మబ్బు కిందికి ఉంటే పక్షులు కూడా కిందికి దిగి ఎగురుతాయి, కూతలూ ఎక్కువ వేస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చి రెండు మూడు రోజులు వాన పట్టి, తెరిపి ఇచ్చిన మొదటి రాత్రిని మాత్రం వదలకండి. ఆగిపోయినవన్నీ ఒకేసారి కదిలే అవకాశం ఉంటుంది.

మనకు ఇంకో లెక్క ఉంది. వలస ముమ్మరంగా ఉండే రోజుల్లోనే బతుకమ్మ, దసరా, దీపావళి వస్తాయి. ఊరంతా డీజేలు, పటాకులు. ఆ రోజుల్లో రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టి తెల్లవారుజామున అయిదున్నర దాకా రికార్డ్ చేస్తే సరిపోతుంది. మామూలు రోజుల్లో అయితే అక్టోబర్ నడుమ మన దగ్గర పొద్దు గూకేది 5:50 ప్రాంతంలో కాబట్టి, పూర్తిగా చీకటి పడ్డాక ఏడింటికి మొదలుపెట్టవచ్చు.

రెండో మెట్టు: చోటు

చెరువు కట్టే మంచి చోటని అనిపిస్తుంది. నేను మాత్రం ఇంటి డాబానే మొదట ఎంచుకోమంటాను. చెరువు మీద స్థానిక పక్షుల గోల ఎక్కువ. కొత్తవాళ్లకు ఏది ఎగిరిపోతున్నదో, ఏది నీళ్లలో కూర్చుని అరుస్తున్నదో తేల్చడం కష్టం. హన్మకొండలోనో కాజీపేటలోనో రెండో అంతస్తు డాబా మీద వినిపించిన గ్రీన్‌షాంక్ (ఒక ఉల్లంకి జాతి) కూతకు అలాంటి అనుమానం లేదు, డాబా మీద దిగడానికి దానికి పనేమీ లేదు. వడ్డేపల్లి చెరువుకో భద్రకాళి చెరువుకో కిలోమీటరు దూరంలో ఇల్లు ఉంటే ఇంకా మంచిది. నీళ్ల వైపు వచ్చేవి ఇంటి మీదుగా వెళ్తాయి, చెరువు గోల మాత్రం వినపడదు.

పల్లెలో ఉన్నవాళ్లకు రెండు జాగ్రత్తలు. వానాకాలం చివర చెరువు నిండి మత్తడి దుంకుతుంటే ఆ హోరు రికార్డింగ్ మొత్తాన్ని మింగేస్తుంది, కనీసం అర కిలోమీటరు దూరం జరగాలి. నవంబర్‌లో వరికోత మిషన్లు రాత్రంతా నడుస్తాయి, బోరు మోటార్లు సరేసరి. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు గనుల దగ్గర ఉన్నవాళ్లు యంత్రాల మోత తక్కువగా ఉండే దిక్కు చూసుకుని, గోడ చాటున పెట్టుకోవాలి.

పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల దగ్గర ఒక్క రాత్రైనా రికార్డ్ చేయాలని ఎవరికైనా ఉంటుంది. కాకతీయుల కాలం నాటి ఆ చెరువులు ఎనిమిది వందల ఏళ్ల నుంచి ఈ పక్షులకు దారిలో నీళ్లు చూపిస్తున్నాయి. కానీ పాకాల అభయారణ్యం లోపల ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట అడవిలో ఉండకూడదు, రికార్డర్ వదిలి రాకూడదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. అడవి అంచు ఊళ్లో తెలిసినవాళ్ల ఇంటి మీద పెట్టుకోండి.

మూడో మెట్టు: పరికరం

ఫోన్‌తో మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫోన్‌లో ముందే ఉండే రికార్డర్ మనిషి మాట కోసం చేసింది. అది నేపథ్య శబ్దాన్ని అణిచేస్తుంది. మనకు కావలసిన కూత ఆ నేపథ్యంలోనే ఉంటుంది. కాబట్టి వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేసే యాప్ ఒకటి దించుకుని, నాయిస్ సప్రెషన్ (చప్పుడు అణిచేది), ఆటోమేటిక్ గెయిన్ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించేది) రెండూ ఆపేయండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నడిరాత్రి ఆపేయకుండా సెట్టింగ్స్‌లో మినహాయింపు ఇవ్వండి.

ఈ పని నచ్చి కొనసాగిద్దామనుకుంటే జూమ్ హెచ్1ఎన్ లాంటి చేతి రికార్డర్ గానీ ఆడియోమాత్ గానీ తీసుకోవచ్చు. ఆడియోమాత్ అరచేతిలో పట్టే బోర్డు. మూడు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. ఏ గంటకు మొదలై ఏ గంటకు ఆగాలో కంప్యూటర్‌లో ముందే పెట్టేస్తే దాని పని అది చేసుకుపోతుంది. రోజూ పైకెక్కి బటన్ నొక్కే తీరిక లేనివాళ్లకు అదే మేలు.

సెట్టింగ్స్ ఇవి: శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే చానెల్), వేవ్. ఇలా పెడితే ఎనిమిది గంటల రాత్రికి 2.5 నుంచి 2.8 జీబీ అవుతుంది. స్టీరియో పెడితే రెట్టింపై, మామూలు వేవ్ ఫైలు హద్దు అయిన 4 జీబీని దాటేస్తుంది. మనకు స్టీరియోతో పని కూడా లేదు. ఎంపీ3 వద్దు. ఫైలు చిన్నది చేయడానికి అది తీసేసే వివరాల్లో మనకు కావలసినవీ పోతాయి. పరికరంలో టైమ్ సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ చూడండి, లేదంటే పక్షి ఏ గంటకు వెళ్లిందో చెప్పలేరు.

నాలుగో మెట్టు: బకెట్

ఖరీదైన మైకు కన్నా ఈ బకెట్ వల్ల వచ్చే లాభం ఎక్కువ, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. అడుగున రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టండి, మంచు నీరు చేరితే దిగిపోతుంది. లోపల చుట్టూ, అడుగునా రెండంగుళాల మందం ఫోమ్ అతికించండి. పాత కుర్చీల సీట్ల ఫోమ్ అయినా పర్వాలేదు. రికార్డర్‌ను మైకు ఆకాశం వైపు ఉండేట్టు మధ్యలో నిలబెట్టండి. మైకు అంచు కంటే జానెడు లోపలికి ఉండాలి. అప్పుడు పక్కల నుంచి వచ్చే బండ్ల చప్పుడు, కుక్కల అరుపులు తగ్గి, పై నుంచి వచ్చేవి నేరుగా పడతాయి.

మూతికి వంటింట్లో గిన్నెల మీద కప్పే పలుచని క్లింగ్ ఫిల్మ్ బిగించి, సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టండి. ఇది గాలి మోతను, మంచును ఆపుతుంది, శబ్దాన్ని రానిస్తుంది. మందం పాలిథిన్ వాడితే సన్నని కూతలు లోపలికి రావు. బకెట్‌ను కాస్త ఒక వైపుకు వంచి పెడితే మంచు బొట్లు జారిపోతాయి. డిసెంబర్ చలిలో మంచు బాగా పడుతుంది కాబట్టి లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి.

బకెట్ కింద మడతపెట్టిన గోనె సంచి తప్పనిసరి. లేకపోతే కింద ఇంట్లో మోటారు వేసినా, తలుపు కొట్టినా స్లాబు గుండా మైకులోకి వస్తుంది. వాటర్ ట్యాంకుకు, ఏసీ డబ్బాకు దూరంగా, పిట్టగోడ ఎత్తు కంటే కిందకు పెట్టండి. గోడే రోడ్డు చప్పుడును అడ్డుకుంటుంది.

ఇక కోతులు. వరంగల్‌లో ఈ పని చేసేవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోకుండా కుదరదు. తెల్లారగానే డాబాల మీదకు వస్తాయి, మెరిసే మూత కనిపిస్తే చింపకుండా పోవు. రికార్డింగ్‌ను అయిదున్నరకు ఆపేసి, వెలుతురు రాకముందే బకెట్ లోపలికి తెచ్చుకోండి. లేవలేని వాళ్లు బకెట్‌కు సన్నని కోళ్ల జాలీ చుట్టి, పైపుకు కట్టేయాలి.

గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్న విషయంలో సూత్రం ఒక్కటే: నిశ్శబ్దంగా ఉన్న రాత్రి కీచురాళ్ల శబ్దం మీటరు మీద కింది భాగంలో సన్నగా కదలాలి, వీధి కుక్క మొరిగినా పై అంచు తాకకూడదు. పది నిమిషాలు రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్స్‌తో విని, సరిచూసుకున్నాకే రాత్రంతా వదలండి.

అయిదో మెట్టు: మీ రాత్రిని నేర్చుకోండి

సీజన్ మొదలవకముందే, ఆగస్టులో, ఒకటి రెండు రాత్రులు రికార్డ్ చేసి, వినిపించిన ప్రతిదాన్నీ పేరు పెట్టి దాచుకోండి. దీన్ని దాటేసి నేరుగా వలస పక్షుల వేటలో పడ్డవాళ్లు ప్రతి ఈలనూ సైబీరియా పక్షి అనుకుంటారు.

మన రాత్రుల్లో అన్నిటికంటే ముందు తెలియాల్సింది తీతువు పిట్ట. చీకట్లో మనిషి నడిచినా, కుక్క పోయినా లేచి అరుస్తుంది, ఎగురుతూ అరుస్తుంది. ఆ అరుపు శకునమని మన పెద్దలు భయపడేవారు. రికార్డింగ్‌లో అది ఎన్ని రకాలుగా పలుకుతుందో తెలుసుకుంటే సగం తప్పులు తగ్గుతాయి, ఎందుకంటే ఒక్కోసారి మొత్తం కూత కాకుండా ఒక్క ముక్క ‘టిట్’ మాత్రమే వినిపించి, కొత్త పక్షిలా భ్రమ పెడుతుంది.

రెండోది ఈలబాతులు, అంటే లెస్సర్ విజిలింగ్ డక్‌లు. చెరువుల నుంచి పొలాలకు రాత్రే మేతకు వెళ్తాయి. రెక్కలు కొడుతూనే రెండు ముక్కల సన్నని ఈల వేస్తాయి. గుంపు మొత్తం వేస్తుంది కాబట్టి ఈలలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మూడోది నైట్ హెరాన్, అంటే రాత్రి తిరిగే కొంగ: ఒక్కటే ‘క్వాక్’, బొంగురుగా, పొట్టిగా. ఈ రెండూ ఎగురుతూనే కూస్తాయి గానీ రోజూ తిరిగేవే, దూరం నుంచి వచ్చినవి కావు.

ఇండియన్ నైట్‌జార్ నేల మీద కూర్చుని కూస్తుంది. గచ్చు మీద గోలీ పడేస్తే మొదట ఎడంగా, తర్వాత దగ్గర దగ్గరగా ఎగిరి ఆగినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. రాళ్ల గుట్టల దగ్గర స్టోన్ కర్లూ ఈల మెల్లగా మొదలై పెరుగుతూ పోతుంది. చర్చి, గుడి గోపురాల్లో ఉండే బార్న్ ఔల్ ఎగురుతూ పొడుగ్గా, బుసకొట్టినట్టు అరుస్తుంది. స్పాటెడ్ ఔలెట్ కీచులాట అందరికీ తెలిసిందే. వేసవి తెల్లవారుజామున కోకిల మూడింటికే మొదలుపెడుతుంది. తొలకరికి ఆఫ్రికా నుంచి వచ్చే చాతకం కూడా రాత్రిళ్లు కూస్తుంది. అది వలస పక్షే, కానీ చెట్టు మీద కూర్చుని కూసిన కూతను ఆకాశంలో వెళ్లిన కూతగా రాయకూడదు.

పక్షులు కానివీ ఉన్నాయి. కీచురాళ్లు, కప్పలు, పండ్ల గబ్బిలాల కీచులు, గోడ మీద బల్లి ‘టక్ టక్’, స్కూటర్ బ్రేకు, ఇనుప గేటు. చివరి రెండూ చాలా మోసం చేస్తాయి. కాజీపేట జంక్షన్ దగ్గరి వాళ్లకు రైలు హారన్ సరే, పట్టాల మీద చక్రం కీచుమన్న చప్పుడు కూడా పక్షి ఈలలాగే పడుతుంది.

ఆరో మెట్టు: కంప్యూటర్ మీద చూడడం

ఎనిమిది గంటలు ఎవరూ వినలేరు. శబ్దాన్ని బొమ్మగా చూడాలి. ఆ బొమ్మే స్పెక్ట్రోగ్రామ్: ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరం ఎత్తు, వెలుగును బట్టి గట్టిదనం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఫైలు తెరిచి, ట్రాక్ పేరు మీద నొక్కి స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. దాని సెట్టింగ్స్‌లో స్కేల్ లీనియర్, కింది హద్దు 0, పై హద్దు 10,000 హెర్ట్జ్, విండో సైజు 1024, రకం హాన్. తెర మీద ఒకేసారి అర నిమిషం కనిపించేట్టు జూమ్ పెట్టి, అలా జరుపుకుంటూ పోవడమే. అలవాటైతే ఒక రాత్రి రికార్డింగ్ గంట, గంటన్నరలో చూడవచ్చు.

కీచురాళ్లు అడ్డంగా పట్టీలుగా కనిపిస్తాయి, ఎక్కువగా 3 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. వాటి సంగతి మర్చిపోండి. బల్లి చప్పుడు, వాన చినుకు నిలువు గీతలు. కుక్క మొరుగు ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపులు. హారన్ తిన్నని పొడుగు గీతలు. వీటి మధ్యలో ఎక్కడైనా ఒంటరిగా, చిన్నగా, శుభ్రమైన గీత గానీ కొక్కెం లాంటి గుర్తు గానీ కనిపిస్తే ఆగండి. అక్కడ కంట్రోల్, బీ నొక్కి లేబుల్ పెట్టండి. మొదటి చుట్టులో పేరు గురించి ఆలోచించకుండా లేబుల్స్ మాత్రమే పెట్టుకుంటూ పోవడం మంచిది.

అసలు ఫైలును ఫిల్టర్ చేయకండి. ట్రాఫిక్ హోరు పోవాలని వెయ్యి హెర్ట్జ్ కింద అంతా కోసేస్తే, నైట్ హెరాన్, గూస్‌ల కూతలు కూడా పోతాయి.

ఏడో మెట్టు: గుర్తుపట్టడం

మొదటి ప్రశ్న ఏ పక్షి అని కాదు, ఎగురుతున్నదా కూర్చున్నదా అని. ఎగిరిపోయే పక్షి కూత సన్నగా మొదలై, గట్టిపడి, మళ్లీ సన్నబడి పోతుంది, కొన్ని సెకన్లలోనో ఒకటి రెండు నిమిషాల్లోనో అయిపోతుంది. ఒకే గట్టిదనంతో పావుగంట సేపు వచ్చేది చెట్టు మీదదో నేల మీదదో. లేబుల్‌కు అటూ ఇటూ రెండేసి నిమిషాలు చూడకుండా నిర్ణయానికి రావద్దు.

రెండో ప్రశ్న స్వరం ఎత్తు. ఉజ్జాయింపుగా 2 కిలోహెర్ట్జ్ కింద కొంగలు, గూస్‌లు. 2 నుంచి 5, 6 దాకా ఉల్లంకి జాతులు. అంతకు పైన, 8 దాకా వాగ్‌టెయిల్‌లు, వాటి దగ్గరి చుట్టాలైన పిపిట్‌లు. దూరం పెరిగితే పై స్వరాలు గాలిలో ముందే కరిగిపోతాయని గుర్తుంచుకోండి. దగ్గరి పక్షి బొమ్మలో అసలు గీత మీద పేర్చినట్టు కనిపించే పై గీతలు దూరపు పక్షికి ఉండవు.

తర్వాత ఆకారం. ఇక్కడ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. అక్టోబర్‌లో అర్ధరాత్రి దాటాక, 2.5 కిలోహెర్ట్జ్ పై చిల్లరలో మూడు గీతలు వరుసగా కనిపించాయనుకోండి. మూడూ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో, ఒక్కొక్కటీ కొద్దిగా కిందికి వంగి. వింటే స్పష్టంగా ‘ట్యూ-ట్యూ-ట్యూ’. అది గ్రీన్‌షాంక్. ఇలాంటి గీతలే ఎక్కువ ఎత్తులో, 3, 4 ప్రాంతంలో, వేగంగా, పొట్టిగా ‘చిఫ్-ఇఫ్-ఇఫ్’ అని ఉంటే వుడ్ శాండ్‌పైపర్. మొదటి ముక్క పైకి లేచి మెలిక తిరిగి ‘ట్లూయీ-వీట్-వీట్’ అంటే గ్రీన్ శాండ్‌పైపర్. ఇంకా సన్నగా, ఇంకా ఎత్తులో, 5 దాటి ‘స్వీ-వీ-వీ’ అని జారితే కామన్ శాండ్‌పైపర్. ఈ నాలుగూ మన దగ్గరికి బాగా వచ్చేవే, ఈ నాలుగింటి తేడా కళ్లకు కట్టేదాకా మిగతావాటి జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. పగలు చెరువు దగ్గర వీటిని లేపి, లేచినప్పుడు వేసే కూతను ఫోన్‌లో పట్టుకోవాలనిపిస్తుంది కానీ పనిగట్టుకుని బెదరగొట్టొద్దు. వాటంతట అవి లేచినప్పుడు వింటే చాలు. రాత్రి వేసేవి కూడా దాదాపు అవే కూతలు.

లిటిల్ రింగ్డ్ ప్లవర్ ఒక్క ‘పియూ’తో సరిపెడుతుంది, పై నుంచి కిందికి జారే ఒంటి గీత. ఇది మన దగ్గర ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి వలస అని తేల్చి చెప్పలేం. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ ‘కిక్ కిక్ కిక్’ కూడా అంతే. స్నైప్ బొంగురుగా ‘స్కేప్’ అంటుంది. కామన్ స్నైపా, పిన్‌టెయిల్ స్నైపా అన్నది రాత్రి కూతతో తేల్చడానికి ప్రయత్నించకండి, స్నైప్ అని రాయండి.

వాగ్‌టెయిల్‌లలో వైట్ వాగ్‌టెయిల్ రెండు ముక్కలుగా ‘చిస్-సిక్’, ఎల్లో వాగ్‌టెయిల్ ఒక్క ముక్కగా ‘స్వీప్’, గ్రే వాగ్‌టెయిల్ గట్టిగా, పదునుగా ‘జిట్-జిట్’. ట్రీ పిపిట్ ‘టీజ్’ అని గరగరలాడుతుంది. దానికి ఆలివ్ బ్యాక్డ్ పిపిట్ కూత చాలా దగ్గరగా ఉంటుంది, అనుమానం ఉంటే పిపిట్ అని వదిలేయడమే న్యాయం.

పెద్ద జలాశయాల పక్క ఊళ్లవాళ్లకు, అంటే లోయర్ మానేరు, శ్రీరాంసాగర్ వైపు వాళ్లకు, చలికాలంలో ఇంకో భాగ్యం ఉంది. రాత్రయితే జక్కవల జంట విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటుందని మన కవులు రాశారు. జక్కవ అంటే రడ్డీ షెల్‌డక్. దాని ముక్కుతో పలికే ‘ఆంగ్... ఆంగ్’ నీళ్ల మీద చాలా దూరం వస్తుంది. బార్ హెడెడ్ గూస్‌లదీ ముక్కు గొంతే కానీ ఇంకా కింది స్వరం, గుంపుగా ఎడతెగకుండా వస్తుంది. రెండూ విన్న చెవికి పొరపాటు పడదు.

వినిపించని పక్షుల గురించి కూడా చెప్పాలి. గ్రీనిష్ వార్బ్లర్, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ లాంటి చిన్న పిట్టలు రాత్రే వస్తాయి కానీ దాదాపు నోరు విప్పవు. నాగాలాండ్ నుంచి ఆఫ్రికాకు వెళ్తూ నవంబర్‌లో ద్వీపకల్పాన్ని దాటే అముర్ ఫాల్కన్‌లూ అంతే. కాబట్టి రికార్డింగ్ ఖాళీగా ఉంటే ఆకాశం ఖాళీగా ఉందని కాదు.

ఎనిమిదో మెట్టు: సాఫ్ట్‌వేర్ మాట ఎంతవరకు వినాలి

బర్డ్‌నెట్ కూతను బట్టి పక్షి పేరు చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్. అమెరికాలోని కార్నెల్ పక్షుల ల్యాబ్, జర్మనీలోని కెమ్నిట్జ్ యూనివర్సిటీ కలిసి చేశాయి. రాత్రి మొత్తం ఫైలు ఇస్తే మూడేసి సెకన్ల ముక్కలుగా చూసి, ఏ పక్షో, ఎంత నమ్మకమో చెప్తుంది. వాడండి, కానీ దాన్ని తీర్పుగా తీసుకోకండి. మన కూత పదో వంతు సెకను ఉంటుంది, మిగతా ముక్కంతా కీచురాళ్లు. వాటినే అది పక్షులుగా చెప్పిన సందర్భాలు ఎన్నో వస్తాయి. తప్పకుండా లొకేషన్ ఇవ్వాలి: వరంగల్‌కు అక్షాంశం 18.0, రేఖాంశం 79.6. వారం కూడా ఇవ్వాలి. అది ఏడాదిని 48 వారాలుగా, నెలకు నాలుగు చొప్పున లెక్కిస్తుంది. అవి ఇవ్వకపోతే అమెరికా పిట్టల పేర్లు కూడా వచ్చేస్తాయి.

దాని ఉపయోగం ఎక్కడంటే, మీ కంటికి జారిపోయిన చోటును చూపించడంలో. పేరు మాత్రం మీరే తేల్చాలి. పక్షుల కూతల రికార్డింగ్‌లు దాచే జెనో-కాంటో సైట్‌లో ఆ పక్షి పేరు కొట్టి, ఎగిరేటప్పటి కూతలు వెతికి, వాళ్ల స్పెక్ట్రోగ్రామ్‌ను మీదాని పక్కన పెట్టుకుని చూడండి. ఒక్క రికార్డింగ్‌తో పోల్చి సరిపెట్టుకోకండి, కనీసం నాలుగైదు చూడండి. ఎత్తు, పొడవు, ఆకారం, ముక్కల మధ్య ఎడం నాలుగూ కలిస్తేనే పేరు రాయండి. మూడు కలిసి ఒకటి కలవకపోతే ‘తెలియదు’ అని రాసి ఆ క్లిప్ దాచండి. తెలియని క్లిప్‌ల ఫోల్డర్‌ను ఎప్పటికీ చెరపొద్దు. ఈ ఏడు అర్థం కాని కూత వచ్చే ఏడు అదే వారంలో మళ్లీ వినిపిస్తే అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: నమోదు

ఫైలు పేరులో తేదీ, మొదలైన టైమ్, చోటు ఉండాలి. రాత్రి రెండు తేదీల్లో పడుతుంది కాబట్టి మొదలైన తేదీనే వాడండి. ఒక నోట్‌బుక్‌లో గాలి దిక్కు, మబ్బు, వెన్నెల, ఎన్ని గంటలు రికార్డ్ చేశారు, ఏ గంటలు చప్పుడు వల్ల పాడయ్యాయి అన్నవి రాసుకోండి. ఏమీ వినిపించని రాత్రిని కూడా రాయాలి. వినిపించిన రాత్రులు మాత్రమే రాస్తే, రెండేళ్ల తర్వాత ఏ వారంలో ఎక్కువ వచ్చాయో పోల్చడానికి ఆధారమే ఉండదు. 1931–32లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి చేసిన సర్వేను ఇవాళ్టికీ జనం తిరగేస్తున్నారంటే, ఏ తేదీన ఎక్కడ ఏ పక్షి అన్నది పద్ధతిగా రాసి ఉంది కాబట్టే.

పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఈ పని కోసమే నాక్టర్నల్ ఫ్లైట్ కాల్ కౌంట్ (రాత్రి ఎగురుతూ వేసే కూతల లెక్క) అనే పద్ధతి ఉంది. గంటకో లిస్టు చేయడం మంచిది, అర్ధరాత్రి దాటాక తేదీ మార్చాలి. ఎగిరిపోయిన వలస పక్షులనే ఇందులో రాయాలి. తీతువు, గుడ్లగూబల్లాంటి స్థానికులను వేరే లిస్టులో పెట్టండి. లెక్క విషయంలో పొదుపు పాటించండి: నిమిషం లోపల ఒకే రకం మూడు కూతలు వినిపిస్తే, ఒకేసారి రెండు వినిపించనంత వరకు అది ఒక్క పక్షే. జాతి తెలియకపోతే శాండ్‌పైపర్, పిపిట్ అన్న స్థాయిలో ఆపే వీలు కూడా ఉంది.

క్లిప్ కోసేటప్పుడు కూతకు ముందూ వెనకా అయిదేసి సెకన్లు వదలండి. వినేవాళ్లకు నేపథ్యం తెలియాలి. జెనో-కాంటోలో పెట్టేటప్పుడు ‘నాక్టర్నల్ ఫ్లైట్ కాల్’ అన్న రకాన్ని ఎంచుకుని, రికార్డర్‌ను డాబా మీద వదిలి తీసినదని, పక్షిని కళ్లతో చూడలేదని రాయండి. పెట్టేముందు ఆ క్లిప్‌ను ఒకసారి పూర్తిగా వినండి. డాబాల మీద వేసవి రాత్రుల్లో మనుషులు పడుకుంటారు, మాట్లాడుకుంటారు. పక్కింటివాళ్ల మాట ఒక్కటి దొర్లినా ఆ ముక్క బయట పెట్టకండి, మొత్తం రాత్రి ఫైళ్లను ఎవరికీ పంపకండి. స్థలం సరిపోక పాత ఫైళ్లు తీసేయాల్సి వస్తే, నెలకు ఒక్క పూర్తి రాత్రినైనా హార్డ్ డిస్క్‌లో ఉంచుకుని మిగతావి తీసేయండి, లేబుల్స్ ఫైలును మాత్రం అన్ని రాత్రులదీ దాచండి.